అక్షరానికి గొంతు

అనగనగా ఒక అడవిలో, జంతువులు తమ వార్తలు చెట్టు బెరడు మీద రాసుకునేవి.

మడుగుకు పోయే దారి మొదట్లో ఒక లావుపాటి మద్దిచెట్టు ఉండేది. వేటగాళ్ళు ఎక్కడ ఏం పెట్టిపోయారో ముందుగా చూసినవాళ్ళు ఆ బెరడు మీద గీకి పోవాలి, ఏమీ లేకపోతే వెళ్ళవచ్చని గీకాలి. కోరతో గీకుతారో, గోరుతో గీకుతారో వాళ్ళిష్టం. నీళ్ళకు వెళ్ళేవాళ్ళు అది చదివి కదలాలి. అదీ అక్కడి కట్టుబాటు. చదువు రానివాడు ఆ అడవిలో ముసలివాడు కావడం కష్టం.

పిల్లలకు చదువు చెప్పేది సూరమ్మవ్వ. ముళ్ళపంది. ఒంటి నిండా ముళ్ళు, నోటి నిండా ఇంకా పెద్ద ముళ్ళు.

ఆమె బడి వాగు ఒడ్డున, తడి ఇసుకలో. ఇప్పుడా ఇసుక లేదులెండి, లారీలెక్కి ఊళ్ళకు పోయింది. ఆ రోజుల్లో పొద్దున్నే అటు వెళితే ముందు చప్పుళ్ళు వినిపించేవి, తర్వాత పిల్లలు కనిపించేవారు. అవ్వ ఇసుకలో 'మ' గీసేది.

"దీని పేరు నాకొద్దు. దీని గొంతు వినిపించండి!" అనేది.

పిల్లలు మూతులు బిగించి, తెరిచేవారు. మ్... మ. 'ర' గీస్తే నాలుకలు ఆడించేవారు. తోడేలు పిల్ల మరీ గట్టిగా ర్ర్ర్ అంటే కుందేలు పిల్లలు హడలిపోయి అవ్వ వెనక్కి పరిగెత్తేవారు. ముళ్ళు గుచ్చుకోగానే మళ్ళీ ముందుకే వచ్చేవారు.

ఒకరోజు అవ్వ 'ఈ' గీసి, పక్కనే 'క' గీసింది. "రెండు గొంతులూ విన్నారుగా. దగ్గరకు జరపండి" అంది.

"ఈ... క. ఈ.. క. ఈక!"

ఆ మాటను లోకంలో మొదటిసారి తామే కనిపెట్టినట్టు అందరూ గంతులేశారు. ఆ గంతులు చూసినవాళ్ళు ఎవరూ వాటిని మరిచిపోలేదు.

కానీ అవ్వ చదువు నిదానం. నెలకు నాలుగో ఐదో అక్షరాలు.

ఆ పిల్లల్లో ఒక కుందేలు పిల్ల ఉంది. పేరు గరిక. దాని తల్లి కొండమ్మకు ఈ నిదానం నచ్చలేదు. ఎందుకంటే పక్క చెట్టు తొర్రలో ఉండే ఉడుత పిల్ల పింఛయ్య పంతులు బడిలో చేరి, వారం తిరక్కుండానే యాభై ఆరు అక్షరాలూ గడగడా చెప్పేస్తోంది.

పింఛయ్య పంతులు ఒక నెమలి. ఎత్తైన బండ మీద పురి విప్పి నిలబడి పాడేవాడు. "అ అరటి, ఆ ఆకు, ఇ ఇప్ప!" పిల్లలు వంత పాడేవారు. "ప పనస, ర రావి, ల లత, వ వడ్లు!" పాట బాగుండేది. ఆ మాట ఒప్పుకోవాలి. దారిన పోయే దున్న కూడా ఆగి తల ఊపేది.

కొండమ్మ ఇసుక బడికి వచ్చింది.

"అవ్వా, నెల రోజులైంది. నా పిల్ల ఐదు చప్పుళ్ళు చేస్తోంది. అంతే. చుట్టాలొస్తే వాళ్ళ ముందు ఏం చెప్పించను? మ్ మ్ అనిపించనా?"

"చుట్టాల కోసమా చదువు?" అంది అవ్వ.

"పరువు కోసం కూడా అవ్వా."

"అయితే తీసుకుపోవే తల్లీ. పరువు నా దగ్గర దొరకదు, చదువే దొరుకుతుంది."

కొండమ్మ గరిక చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. గరిక వెనక్కి తిరిగి తిరిగి చూసింది. ఇసుకలో సగం గీసిన అక్షరం ఒకటి అలాగే ఉండిపోయింది.

పంతులు బడిలో గరిక చురుగ్గా ఉంది. పది రోజులకే పాటంతా వచ్చేసింది. అక్షరం చూపిస్తే చాలు, పేరు చెప్పేది. చుట్టాలు వచ్చారు, విన్నారు, ముక్కున వేలేసుకున్నారు. కొండమ్మ ఆ రోజు నేల మీద నడవలేదు.

నవ్వకండి. మిమ్మల్ని కూడా చుట్టాల ముందు నిలబెట్టి చెప్పించినవాళ్ళే మీ ఇంట్లోనూ ఉన్నారు.

ఎండాకాలం వచ్చింది. వాగు ఎండింది. మడుగులో మాత్రమే నీళ్ళున్నాయి. ఒక ఉదయం కొండమ్మ కాలిలో ముల్లు విరిగింది. అడుగు వెయ్యలేకపోయింది. గరిక తమ్ముడు పిందె దాహంతో ఏడుస్తున్నాడు.

"గరికా, తమ్ముణ్ణి మడుగుకు తీసుకెళ్ళవే. బెరడు చదివి మరీ వెళ్ళు. నీకు అక్షరాలన్నీ వచ్చుగా!"

"ఓ, అన్నీ వచ్చు!" అంది గరిక.

మద్దిచెట్టు దగ్గర ఇద్దరూ ఆగారు. బెరడు మీద పచ్చి గీతలు ఉన్నాయి. తెల్లవారుజామున అడవిపంది కోరతో గీకి పోయింది. రెండే అక్షరాలు. వల.

గరిక చూసింది. "వ వడ్లు. ల లత."

మళ్ళీ చూసింది. "వడ్లు... లత."

మూడోసారి వేలు పెట్టి మరీ చూసింది. "వడ్లు, లత! తమ్ముడూ, దారిలో వడ్లున్నాయట! లేత లతలు కూడా!"

పిందె ఇంకేం ఆగుతాడు? ఎండాకాలమంతా ఎండుగడ్డి నమిలిన నోరు. ఒక్క గెంతు, రెండు గెంతులు, మూడో గెంతులో నేల మీది ఎండుటాకులు కింది నుంచి పైకి లేచాయి. వల!

"అక్కా!"

గరిక అక్కడే నిలబడి పెద్దగా ఏడ్చింది.

కాస్త దూరంలో ఇంకో చెట్టు మీద వాలి ఉన్న పింఛయ్య పంతులు ఆ ఏడుపు విన్నాడు. వలలో గింజుకుంటున్న పిల్లను చూశాడు. అడవంతా దద్దరిల్లేలా కేక పెట్టాడు. ఆ కేక వాగు ఒడ్డు దాకా వినిపించింది.

సూరమ్మవ్వ ముళ్ళు గలగలలాడిస్తూ పరిగెత్తుకొచ్చింది. వస్తూనే వలకు పళ్ళు వేసింది. మొదటి తాడు తెగింది. రెండో తాడు తెగింది. దూరంగా మనుషుల మాటలు వినిపించాయి. మూడో తాడు మందంగా ఉంది.

"అవ్వా, వస్తున్నారు!" అన్నాడు పంతులు.

"వాళ్ళకు ఎదురెగిరి పురి విప్పరా! నీ అందం ఇవాళైనా పనికొస్తుంది!"

పంతులు వెళ్ళి వేటగాళ్ళ కళ్ళ ముందే పురి విప్పాడు. వాళ్ళు నోరు తెరుచుకుని నిలబడిపోయారు. ఆ కాస్త వ్యవధిలో మూడో తాడు తెగింది. పిందె బయటపడ్డాడు. ఎడమ చెవి సగానికి చీలింది. ప్రాణం దక్కింది.

అందరూ వాగు ఒడ్డు చేరాక పంతులు కూడా వచ్చాడు. తోకలో నాలుగు ఈకలు తక్కువగా ఉన్నాయి.

"ఒరే పింఛయ్యా, పొద్దున నువ్వా చెట్టు మీదుగా ఎగరలేదూ?" అంది అవ్వ.

"ఎగిరాను అవ్వా. బెరడు చదివాను కూడా. వల అని ఉంది. పిల్లలూ చదువుతారులే అనుకున్నాను."

"నువ్వెలా చదివావురా?"

"ఎలా ఏముంది... చూడగానే వచ్చేసింది."

"చూడగానే వచ్చేదాకా నిన్ను ఈ ఇసుకలో ఎన్నాళ్ళు కూర్చోబెట్టాను? 'ల' పలకడానికి నాలుక తిరగక నువ్వు ఏడ్చిన ఏడుపు నాకు గుర్తుంది. నీకే గుర్తులేదు!"

పింఛయ్య తల దించుకున్నాడు. తన చిన్నప్పటి ఇసుక, ఆ చల్లదనం, పక్కన కూర్చున్న పిల్లల మూతులు అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి.

"నిజమే అవ్వా. ఎక్కి వచ్చిన మెట్లే మరిచిపోయాను. పిల్లల్ని నేరుగా బండ మీదకు ఎక్కించాను."

"నీ పాట పారేయమనలేదురా. పాట మంచిదే, పిల్లలు ఇష్టంగా పాడుకుంటారు. కానీ వడ్లు అనేది అక్షరానికి నువ్వు పెట్టిన పేరు. చదివేటప్పుడు పేరు పలకదు, గొంతు పలుకుతుంది. ముందు గొంతు వినిపించు. తర్వాత నీ ఇష్టం వచ్చినంత పాడుకో."

కొండమ్మ కుంటుకుంటూ వచ్చింది. పిందె చెవి చూసింది. అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అవ్వా, తిట్టు."

"తిట్టను పోవే. నీ కొడుకు చెవే నిన్ను రోజూ తిడుతుంది. రేపు పొద్దున్నే గరికను పంపు."

మర్నాటి నుంచి ఇసుకలో ఇద్దరు పంతుళ్ళు. అవ్వ గొంతు వినిపించేది, పింఛయ్య దానికి పాట కట్టేవాడు. గరికకు మొదట్లో చాలా కష్టమైంది. 'వ' చూడగానే నోట్లోకి వడ్లే వచ్చేవి. వచ్చినదాన్ని మరవడం, రానిదాన్ని నేర్చుకోవడం కంటే కష్టం. అయినా మానలేదు. రోజూ తమ్ముడి చెవి కట్టు విప్పి, ఆకు పసరు రాసి, ఇసుకకు వెళ్ళేది.

తొలకరి పడింది. ఒక ఉదయం గరికా, పిందే మద్దిచెట్టు ముందు నిలబడ్డారు. తల్లి వెనకే ఉంది. కొండమ్మకు ఆ రాత కనిపిస్తూనే ఉంది. అయినా పెదవి కొరుక్కుని నోరు మెదపలేదు.

గరిక తొందరపడలేదు. పెదాలు కలిపి విడిచింది.

"ప."

నాలుకను పళ్ళకు ఆనించింది.

"ద."

రెంటినీ దగ్గరకు జరిపింది. ఆగింది. ఇంకోసారి జరిపింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"పద!"

ఆ మాట పూర్తయ్యేసరికే పిందె మడుగు దారిలో సగం దూరం పోయాడు. కొండమ్మ ఆపలేదు.

నీతి: అక్షరాల పేర్లు అప్పజెప్పించి పిల్లలకు చదువు వచ్చిందని మురిసిపోకండి. ముందు అక్షరం పలుకును వినిపించండి, పలుకులు కలపడం ఓపికగా నేర్పండి. మాట చదవగలిగిన రోజే వాళ్ళకు చదువు వచ్చినట్టు.