గవరయ్య కొట్టు, ఆదివారం మధ్యాహ్నం

అనగనగా ఒక అడవిలో ఒక కిరాణా కొట్టు ఉండేది. అడవిలో సింహం ఉంటుంది, నక్క ఉంటుంది, కొట్టేమిటని నవ్వకండి. ఉప్పు లేకుండా మీకు ముద్ద దిగుతుందా? వాటికీ అంతే.

ఇప్పచెట్టు మొదట్లో పెద్ద తొర్ర. ఆ తొర్రలోనే కొట్టు. దాన్ని నడిపేది గవరయ్య అనే ఉడుత. ఉప్పుకల్లు, బెల్లం ముక్క, చింతపండు, పసుపు, ఆముదం, ఏది కావాలన్నా అక్కడ దొరికేది. డబ్బుల గొడవ లేదు. కుందేలు దుంపలు తెచ్చి ఉప్పు పట్టుకెళ్ళేది. కాకి ఊళ్ళోంచి వేరుశెనగకాయలు తెచ్చి బెల్లం పట్టుకెళ్ళేది. ఆ కాయలు ఎవరి పెరట్లోవో గవరయ్య అడిగేవాడు కాదు, కాకి చెప్పేది కాదు.

వారంలో ఆరు రోజులూ పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కొట్టు తెరిచే ఉండేది. ఆదివారం మాత్రం సూర్యుడు నడినెత్తికి రాగానే గవరయ్య తొర్రకు పెద్ద కుండపెంకు అడ్డం పెట్టేసేవాడు. అడవిలో ఆదివారం ఎలా తెలుస్తుందంటారా? ఊళ్ళో బడిగంట మోగని రోజే వాళ్ళకు ఆదివారం. మరి వేసవి సెలవుల్లోనో అని అడిగారంటే కథ ఇక్కడే ఆపేస్తాను.

ఆదివారం మధ్యాహ్నం గవరయ్యకు ఒక ముఖ్యమైన పని ఉండేది. కూతురు పైడికి దూకడం నేర్పాలి. దూకడం రాని ఉడుతపిల్లకు అడవిలో బతుకు లేదు. ఇప్పచెట్టు కొమ్మ మీంచి పక్కనున్న మద్దిచెట్టు కొమ్మకు ఎలా దూకాలో, గాలిలో తోక ఎలా చాపాలో, గద్ద నీడ కనబడితే ఏ చెట్టు ఎలా ఎక్కాలో, అన్నీ ఒక్కొక్కటే చెప్పాలి. పైడి ఇంకా మొదటి పాఠం దగ్గరే ఉంది. కొమ్మ చివరిదాకా వెళ్ళేది, కిందికి చూసేది, గిరుక్కున తిరిగి వచ్చేసేది.

"వచ్చే వారం దూకేద్దువుగాని లే," అనేవాడు గవరయ్య.

ఒక ఆదివారం పొద్దు వాలాక చెట్టు కింద ఎవరో నిట్టూర్చినట్టయింది. గవరయ్య తొంగి చూశాడు. ఊళ్ళో కుమ్మరి దగ్గర మట్టి మోసే గాడిద ముత్యాలు నిలబడి ఉంది.

"ఏం ముత్యాలూ, ఇలా వచ్చావు?" అని అడిగాడు.

"వీపు మీద గోనె ఒరుసుకుని పుండు పడింది అన్నా," అంది ముత్యాలు. "కాస్త పసుపు, ఆముదం కలిపి రాయించుకుందామని వచ్చాను. నా వీపు నాకందదు కదా. మూడు వారాలుగా వస్తున్నాను, పెంకు చూసి వెళ్ళిపోతున్నాను. మా కుమ్మరి ఆరు రోజులూ విడిచిపెట్టడు. ఆదివారం కూడా పొద్దు వాలేదాకా పనే."

"అయ్యో, ఒక్క కేక వెయ్యకపోయావా?"

"మూసిన కొట్టు ముందు నిలబడి అరిస్తే ఏం మర్యాద అన్నా? అసలే నా గొంతు సంగతి అడవంతటికీ తెలుసు."

గవరయ్య గబగబా దిగి వచ్చి పుండుకు మందు రాశాడు. చూస్తే అరచేయంత పుండు. వారం వారం రాస్తే తప్ప మానేలా లేదు. ముత్యాలు వెళ్ళిపోయింది గానీ గవరయ్యకు మనసు మనసులో లేదు. తను మధ్యాహ్నమే పెంకు వేసుకుని హాయిగా కూర్చుంటే, ఆవిడ మూడు వారాలు ఊరికే తిరిగిపోయిందన్నమాట.

మర్నాడు కాకిని అడిగాడు. "ఆదివారం పొద్దుగూకేదాకా కొట్టు తెరిస్తే ఎలా ఉంటుంది?"

"ఇంకా ఆలోచనా?" అంది కాకి. "ఊళ్ళో కొట్లు చూడు. ఆదివారమనీ లేదు, సోమవారమనీ లేదు. నువ్వొక్కడివే పాతకాలం మనిషిలా పెంకు పట్టుకు వేలాడుతున్నావు."

ఉడుతను పట్టుకుని మనిషి అంటుందేమిటని గవరయ్యకు కాస్త కోపం వచ్చింది. అయినా మాట నిజమే అనిపించింది. తర్వాత కుందేలును అడిగాడు.

"తెరువు తెరువు," అంది కుందేలు. "నాకైతే పెద్ద అవసరం లేదనుకో. అయినా తెరిచి ఉంటే మంచిదే కదా!"

అదీ నిజమే అనిపించింది. చివరికి భార్య నూకాలును అడిగాడు.

"ముత్యాలు వచ్చినప్పుడు దిగి మందు రాసి వస్తే సరిపోయేదానికి కొట్టంతా తెరవడం దేనికి?" అంది నూకాలు.

"ఒకరికి తెరిచి ఇంకొకరికి మూస్తే అది కొట్టవుతుందా? కొట్టన్నాక అందరికీ ఒకటే. మా నాన్న ఎప్పుడూ అదే చెప్పేవాడు."

"మీ నాన్న చెప్పాడంటే ఇంక నేను చెప్పేదేముంది? మరి పిల్లకు దూకడం?"

గవరయ్య తల గోక్కున్నాడు. నూకాలు మాట కూడా నిజమే. ఎవరితో మాట్లాడితే వాళ్ళదే నిజంలా ఉంది. అన్నీ నిజాలే అయితే తను ఏ నిజం వినాలి? రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు పొద్దున, "కొన్ని వారాలు తెరిచి చూద్దాం, పైడి ఎక్కడికి పోతుంది?" అనుకున్నాడు. కాకి ఆ కబురు అడవంతా చాటేసింది.

మొదటి ఆదివారం కొట్టు సాయంత్రందాకా తెరిచే ఉంది. ముత్యాలు వచ్చింది, మందు రాయించుకుంది, "నీ మేలు మర్చిపోను అన్నా," అని వెళ్ళింది. గవరయ్య ఉబ్బిపోయాడు. పైడి పైనుంచి, "నాన్నా, పాఠం?" అని అరిచింది.

"రేపొచ్చే వారం తల్లీ," అన్నాడు.

రెండో ఆదివారం విచిత్రం జరిగింది. పొద్దున్న ఒక్కరూ రాలేదు. ఎప్పుడూ ఆదివారం పొద్దున్నే కిటకిటలాడే కొట్టు బోసిగా ఉంది. మధ్యాహ్నం కూడా ఎవరూ లేరు. గవరయ్య ఉప్పుకల్లు తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు. పైడి వచ్చి, "ఎవరూ లేరుగా నాన్నా, రా!" అంది.

"ఎవరైనా వస్తే? కొట్టు వదిలి ఎలా రాను?"

పైడి వెళ్ళిపోయింది. చెట్టు కింద నీటిగుంటలో ఒక ముసలి కప్ప ఉండేది. దానికి పనీపాటా లేదు. దూకడం గురించి ఎవరడిగినా చెప్పడానికి సిద్ధం. పైడి దాని పక్కన కూర్చుంది.

సూర్యుడు వాలాడో లేదో, అడవంతా ఒక్కసారిగా కొట్టు మీద పడింది. పొద్దున్న రావాల్సిన వాళ్ళందరూ అప్పుడే వచ్చారు. అందరికన్నా ముందు కుందేలు.

"పొద్దుటి నుంచీ తెరిచే ఉన్నానుగా, ఇప్పుడు వచ్చారేమిటి?" అని అడిగాడు గవరయ్య.

"తెరిచే ఉంటావుగా! ఇంక తొందరేముంది?" అంది కుందేలు.

వచ్చినవాళ్ళు ఎప్పుడూ వచ్చేవాళ్ళే. పట్టుకెళ్ళింది ఎప్పుడూ పట్టుకెళ్ళేదే. ఒక్క బెల్లం ముక్క కూడా ఎక్కువ పోలేదు. మరి తన మధ్యాహ్నం ఎక్కడికి పోయినట్టు? తను ఇచ్చేశాడు, ఎవరూ తీసుకోలేదు, తన దగ్గరా లేదు. గవరయ్య ఎంత ఆలోచించినా ఈ లెక్క తేలలేదు.

ఇంతలో చీకటి పడింది. ఆ గుంపు వెనక, అందరికన్నా చివర, ముత్యాలు నిలబడి ఉంది. తన వంతు రాకముందే కుమ్మరి ఇంటికి తిరిగి వెళ్ళాల్సిన వేళయిపోయింది. తల దించుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళిపోతుంటే గవరయ్య చూశాడు. ఎవరి కోసం తెరిచాడో వాళ్ళకే అందలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే మరి.

"మళ్ళీ వారం ముందుగా ముత్యాలును పిలుస్తాను," అని నూకాలుతో అన్నాడు.

"మరి, అందరికీ ఒకటే అన్నావు?" అంది నూకాలు.

గవరయ్య కుండపెంకు ఈడ్చి తొర్రకు అడ్డం పెట్టాడు.

మూడో ఆదివారం కూడా అంతే. పొద్దున్న ఈగలు, మధ్యాహ్నం ఈగలు, సాయంత్రం గుంపు. ముత్యాలు వచ్చి గుంపు చివర నీటిగుంట దగ్గర నిలబడింది. పిలుద్దామని గవరయ్య నోరు తెరిచేలోపు కుందేలు, "నాకు ముందు ఉప్పు ఇచ్చెయ్, ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూస్తున్నారు," అని అడ్డం వచ్చింది. పైడి గుంట ఒడ్డున ఆడుకుంటోంది.

అప్పుడే నేల మీద ఒక నల్లటి నీడ తిరిగింది.

"గద్ద! గద్ద!" అని కాకి అరిచింది.

గుంపంతా కకావికలయింది. సగం పొదల్లో దూరాయి. సగం తొర్రలోకే తోసుకొచ్చేశాయి. గవరయ్య ఉప్పుకూ చింతపండుకూ మధ్య ఇరుక్కుపోయాడు. బయటికి రావడానికి దారి లేదు. కుందేలు చెవుల సందులోంచి కూతురు మాత్రం కనబడుతోంది.

"పైడీ! చెట్టెక్కు! చెట్టెక్కు!" అని గొంతు చించుకున్నాడు.

మద్దిచెట్టు పైడికి బెత్తెడు దూరంలో ఉంది. పైడి ఆ చెట్టు వైపు చూడనైనా లేదు. ముందుకాళ్ళు ముడుచుకుని, కప్పలాగా ఒక గెంతు, రెండు గెంతులు, మూడో గెంతుకు దబ్బున గుంటలో పడింది. కప్పయితే అడుగుకు పోయి దాక్కునేది. ఉడుతపిల్ల దాక్కోగలదా? తడిసిన తోక నీళ్ళ మీద తేలుతూనే ఉంది. గద్ద రెక్కలు ముడిచి సూటిగా దిగింది.

గుంట దగ్గర మిగిలింది ముత్యాలు ఒక్కతే. ఎందుకంటే అందరికన్నా వెనక నిలబడింది ఆవిడే. పారిపోవడం మాని గుంటలోకి అడుగేసింది. నాలుగు కాళ్ళ మధ్య పైడిని పెట్టుకుని నిలబడిపోయింది. గద్ద గోళ్ళు వచ్చి ఆవిడ వీపు మీద, సరిగ్గా ఆ పుండు మీదే దిగాయి. ముత్యాలు ఓండ్ర పెట్టింది. ఆ అరుపుకు గద్ద హడలిపోయి కొండ దాటేదాకా వెనక్కి చూడలేదు.

గుంపును తోసుకుని గవరయ్య బయటికి వచ్చాడు. గజగజ వణుకుతున్న పిల్లను గుండెకు హత్తుకున్నాడు. భయం తీరగానే కోపం వచ్చింది.

"చెట్టు పక్కనే ఉంది కదే! ఎందుకెక్కలేదు?"

"గద్ద వస్తే నీళ్ళలోకి గెంతమని కప్ప తాత చెప్పాడు నాన్నా," అంది పైడి ఏడుస్తూ. "నువ్వు వచ్చే వారం చెబుతానన్నావుగా. ఆ వచ్చే వారం ఇంకా రాలేదు."

గవరయ్య పిల్ల తడిసిన తోక తుడిచాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు కప్పది కాదు. దానికి తెలిసింది అది చెప్పింది.

ఆ తర్వాత పసుపు మొత్తం ఆముదంలో కలిపి ముత్యాలు వీపుకు పట్టించాడు. పుండు మునుపటికంటే పెద్దదయింది.

"నేను రాకపోయి ఉంటే నీకీ తిప్పలు ఉండేవి కావు అన్నా," అంది ముత్యాలు.

"నువ్వు రాకపోయి ఉంటే నాకు కూతురే ఉండేది కాదమ్మా," అన్నాడు గవరయ్య.

మర్నాడు గవరయ్య కాకిని పిలిచి కొత్త కబురు చాటమన్నాడు. ఆదివారం పగలంతా కొట్టు మూసే ఉంటుంది. పొద్దు వాలాక కాసేపు తెరుస్తాడు. అదీ, మిగతా ఆరు రోజుల్లో రాలేనివాళ్ళకే. రాగలిగినవాళ్ళు ఆ ఆరు రోజుల్లోనే రావాలి.

"ఇదేం న్యాయం?" అని కుందేలు చిందులు తొక్కింది. "కొట్టన్నాక అందరికీ ఒకటే అన్నావు!"

"అన్నాను. అందరికీ ఒకటే అని తెరిస్తే, తోసుకోగలిగినవాళ్ళకే దొరికింది," అన్నాడు గవరయ్య.

తర్వాతి ఆదివారం సాయంత్రం ముత్యాలు వచ్చింది. ఆవిడతో పాటు గానుగ తిప్పే ముసలి ఎద్దు కూడా వచ్చింది. ఎంతోకాలంగా దానికి ఉప్పుకల్లు నాకాలని ఆశట. రెండు వారాలూ దూరం నుంచే గుంపును చూసి వెనక్కి తిరిగిపోయిందట. ఆ సంగతి గవరయ్యకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

ఆ రోజు మధ్యాహ్నం మాత్రం తండ్రీకూతుళ్ళు కొమ్మ మీద ఉన్నారు. కింద నుంచి కుందేలు పిలిచింది.

"గవరయ్యా! నిన్న రావడం మర్చిపోయాను, కొంచెం ఉప్పు! ఇంతకీ నువ్వు ఆదివారం వేళలు పెంచావా, తగ్గించావా? నాకు అర్థం కావడం లేదు."

"నాకూ అర్థం కావడం లేదు. రేపు పొద్దున్న రా, ఉప్పు ఇస్తాను," అన్నాడు గవరయ్య కిందికి చూడకుండానే.

పైడి కొమ్మ చివరికి వెళ్ళింది. కిందికి చూసింది. వెనక్కి తిరగబోయి, తండ్రి అక్కడే ఉన్నాడా లేదా అని చూసుకుంది. ఉన్నాడు. తోక చాచి దూకింది. సగం జారి, రెండు చేతులతో మద్దికొమ్మను పట్టుకుని వేలాడి, ఎలాగో పైకి పాకింది.

"ఇంకోసారి నాన్నా?" అని అవతలి కొమ్మ మీంచి అడిగింది.

"పొద్దు వాలేదాకా ఎన్నిసార్లయినా తల్లీ," అన్నాడు గవరయ్య.

నీతి: వేరే దారి లేనివారి కోసం తలుపు తెరవాలి, బద్ధకించేవారి కోసం మన ఇంటివారి పొద్దును ధారపోయకూడదు.