అసిరమ్మ బుట్ట వాసన

రండమ్మా, రండి బాబూ, దగ్గరగా జరిగి కూర్చోండి. పిల్లల్ని ముందుకి పంపండి. ముసలాళ్ళకి ఆనుకోడానికి కాస్త చోటివ్వండి. ఊరు కాచే తల్లికి ఒక దండం పెట్టుకుని మొదలుపెడుతున్నాను. ఇది వాసన కథ. చెవులతోపాటు ముక్కులు కూడా తెరుచుకుని వినాలి మరి.

అనగనగా, మన తాతల తాతలు ఉగ్గుపాలు తాగే కాలంలో, సముద్రం ఒడ్డున అసిరమ్మ అనే మనిషి ఉండేది. పొద్దు పొడవగానే ఎండుచేపల బుట్ట నెత్తికెత్తుకునేది. ఇసుక దాటి, తాటితోపు దాటి, చెరకు తోటలు దాటి వెదుళ్ళవలస చేరేది. ఆ బుట్టే ఆమెకీ, కోడలికీ, పసిగుడ్డు మనవడికీ కూడు.

"సేపలమ్మా... ఎండు సేపలూ..."

కేక కంటే ముందే వాసన వచ్చేది. వాసన రాగానే వీధంతా ముక్కు మూసుకునేది. కుమ్మరి సన్యాసమ్మ మట్టిచేత్తోనే ముక్కు నొక్కుకుని, "ఒలమ్మో, ఆగవే, ఊపిరాడనీ!" అనేది. గానుగ రామినాయుడు కండువా ముఖానికి చుట్టేసుకునేవాడు. అమ్మవారి అంబలి వండే తవిటయ్య అయితే ఊరుకునేవాడే కాదు. "ఒసే అసిరీ, సచ్చిన సేపల్ని నువ్వు మోత్తన్నావా, అవే నిన్ను మోత్తన్నాయా?" అనేవాడు.

అందరూ తిట్టేవాళ్ళే. అందరూ కొనేవాళ్ళే.

"మరి నీకు కంపు కొట్టదా, అప్పా?" అని పిల్లలు అడిగేవాళ్ళు. ఆ వైపు అక్కని అప్పా అంటారు లెండి.

"నా ముక్కుకి ఎప్పుడో అలవాటైపోనాది నాయనా. మీ మొకాలు సూసే నా సేపల సంగతి తెలుసుకుంతాను," అని నవ్వేది.

అలా ఉండగా ఒక చలికాలం ఊళ్ళోకి దగ్గుజ్వరం వచ్చింది. చెయ్యి వేస్తే ఒళ్ళు కాలిపోయేది. పెద్దలు కూర్చుని ఒక కట్టుబాటు పెట్టారు. ఒళ్ళు కాలినవాళ్ళూ, దగ్గినవాళ్ళూ గుమ్మానికి వేపమండ కట్టుకుని లోపలే ఉండాలి. మంచి కట్టుబాటే. కానీ జ్వరం ఆగలేదు. మండ కట్టిన ఇంటి నుంచి మండ లేని ఇంటికి ఎలా పాకుతోందో ఎవరికీ అంతు చిక్కలేదు.

ఒకనాడు అసిరమ్మ కుమ్మరింటి ముందు బుట్ట దించింది. సన్యాసమ్మ ముక్కు మూసుకోలేదు. బుట్టలోకి వంగి మరీ చూసింది.

"ఏటే, ఈయేల సేపలు కడుక్కొచ్చినావేటి?"

"నేదమ్మా. నీ ఒంట్లో బాగున్నాదా?"

"నాకేటి? రాయిలాగున్నాను."

మళ్ళీ వచ్చేసరికి ఆ గుమ్మానికి వేపమండ ఉంది.

ఆనాడు రామినాయుడు కండువా చుట్టుకోలేదు. బుట్ట పక్కనే కూర్చుని, "ఈ ఏడు నువ్వుల్లో సారం నేదప్పా, నూనెకి వాసనే రాదు," అని వాపోయాడు. దగ్గు లేదు, ఒంటికి వేడి లేదు. మళ్ళీ వచ్చేసరికి ఆ గుమ్మానికీ వేపమండ.

అసిరమ్మ దారి పొడుగునా అదే ఆలోచించింది. "ఇదేటి చిత్రం తల్లీ! ముక్కు ముందెల్లిపోయి, జొరం ఎనకాల వత్తన్నాదా?"

ఇంతలో అమ్మవారి పండగ వచ్చింది. ఆ ఊరి ఆచారం ఏమిటంటే, తవిటయ్య కుండెడు అంబలి కాస్తాడు. కొయ్యగరిటతో ముందు తను చప్పరించి పులుపు చూస్తాడు. అదే గరిటతో ముసలివాళ్ళ నోటికీ, బాలింతల నోటికీ, చంటిపిల్లల పెదాలకీ అందిస్తాడు. ఆ చుక్క కోసం అసిరమ్మ కోడలు కూడా పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి వరసలో నిలబడింది.

అసిరమ్మ బుట్టతో పొయ్యి పక్కనుంచి నడిచింది. తిట్టు కోసం చూసింది. తిట్టు రాలేదు.

"రా అసిరమ్మా, కూకో," అన్నాడు తవిటయ్య.

అసిరమ్మ గరిట వైపు చూసింది. నోరు విప్పితే ఊరు వెలివేస్తుందేమో. బుట్ట ఆగితే ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. నోరు విప్పకపోతే? గరిట లేచింది. మొదటి ముసలమ్మ నోరు తెరిచింది. అసిరమ్మ అమ్మవారిని తలుచుకుని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు తవిటన్నా! నువ్వు నన్ను తిట్టనేదు."

జనం గొల్లున నవ్వారు. "తిట్టనేదని తగువేటే!"

పెద్దలకి కోపం వచ్చింది. "అమ్మవారి గరిటకే అడ్డమా?"

"నాకు జొరం నేదు, దగ్గు నేదు," అన్నాడు తవిటయ్య.

"సన్యాసమ్మకీ నేదు. రామినాయుడికీ నేదు. ఆలకి ముందు ముక్కు పోనాది, తరవాతే జొరం వచ్చినాది. ఒక్కసారి వాసన సూడన్నా. తరవాత నన్ను ఊళ్ళోంచి గెంటీయండి."

సంపెంగ తవిటయ్య ముక్కు దగ్గర పెట్టారు. ఏమీ లేదు. సాంబ్రాణి పొగ పెట్టారు. ఏమీ లేదు. అసిరమ్మ బుట్ట మూత తీసింది. ఊరంతా ముక్కు మూసుకుంది, తవిటయ్య తప్ప. అప్పుడే వరసలోంచి ఒకామె అరిచింది. "బాబూ, అంబలి మాడిపోతన్నాది!"

ఏనాడూ కుండ మాడనివ్వని మనిషి. కుండలోకి వంగాడు. పైకి లేచాడు. అందరి ముఖాలూ చూశాడు. గరిట అమ్మవారి పాదాల దగ్గర పెట్టేసి, తనే ఒక వేపమండ విరుచుకుని ఇంటికి నడిచాడు.

వేరే మనిషి చేత మళ్ళీ అంబలి కాయించారు. ఎవరి ముంతలో వాళ్ళు పోయించుకున్నారు. తెల్లారేసరికి తవిటయ్యకి జ్వరం వచ్చేసింది. కానీ ఆ వరసలో నిలబడిన ముసలివాళ్ళెవరూ మంచం పట్టలేదు. అసిరమ్మ మనవడు కేరింతలు కొడుతూనే ఉన్నాడు.

అసిరమ్మ రోజూ తవిటయ్య గుమ్మం ముందు దూరంగా బుట్ట దించి, మూత తీసి నిలబడేది. లోపల నుంచి ఉలుకూ పలుకూ ఉండేది కాదు. చివరికి ఒక పొద్దున తలుపు వెనక నుంచి కేక వినబడింది.

"ఒలమ్మో, కంపు! ఎల్లెహే అసిరీ!"

వీధంతా చప్పట్లు కొట్టింది. అసిరమ్మ నవ్వుతూ కళ్ళొత్తుకుంది.

తర్వాత ఒక సాయంత్రం ఇంటికి పోతుంటే, ఆమెకి సముద్రం వాసన తెలియలేదు. బుట్ట వాసన ఎరగని ముక్కైనా సముద్రాన్ని ఎరుగును కదా! గడప తొక్కలేదు. దూరం నుంచే కోడల్ని పిలిచి చెప్పి, ఒడ్డున ఉప్పు దాచే పాకలో పడుకుంది. మళ్ళీ సముద్రం వాసన వచ్చాకే ఇంట్లో కాలుపెట్టింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికి, మనవడి పెళ్ళి చూసి, అమ్మవారి దగ్గరికి వెళ్ళిపోయింది.

నేటికీ వెదుళ్ళవలసలో పండగనాడు వంటవాడు గరిట ముట్టుకునే ముందు, పిల్లలు అతని ముక్కు దగ్గర ఎండుచేప పెడతారు. అతను "ఒలమ్మో!" అని ముఖం చిట్లించాలి. చిట్లిస్తే జనమంతా "అసిరమ్మ సల్లగుండ!" అంటారు, డప్పు మోగుతుంది. చిట్లించకపోతే ఎవరూ కోప్పడరు. అతను పక్కన కూర్చుంటాడు, గరిట ఇంకొకరు అందుకుంటారు.

ఇంటికెళ్ళాక మీరేం మరిచిపోయినా, ఆ అడ్డం పెట్టిన చెయ్యిని మరిచిపోకండి తల్లీ. వడ్డించే ముందు ఒక్కసారి వాసన చూడండి. తెలియకపోతే సిగ్గుపడకుండా గరిట పక్కన పెట్టండి. ఎందుకని అడిగినవాళ్ళకి అసిరమ్మ సంగతి చెప్పండి.