తూము దెయ్యానికి కడుపునొప్పి

"ఓయమ్మో నా కడుపు! ఎవరింట్లోనో రోగం దాచారర్రోయ్!"

అని వీధి చివర నుంచి ఒకటే కేక. ముగ్గులేస్తున్న ఆడవాళ్ళంతా ముగ్గుగిన్నెలు వాకిట్లోనే వదిలేసి లోపలికి పరుగు.

అనగనగా ఒక ఊరు, తుమ్మలకోటని. ఆ ఊరి మురుగంతా పోయే తూములో ఒక ముసలి దెయ్యం కాపురముండేది. ఆ కేక దానిదే. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, లేకపోతే ఇక్కడే ఆపేస్తా.

ఇంటి కాలవ సందు కాలవలో పడేది, సందు కాలవ వీధి కాలవలో పడేది, వీధి కాలవ తూములో పడేది, తూములో నీళ్ళు దెయ్యం నోట్లో పడేవి. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, పిల్లల ముడ్లు కడిగిన నీళ్ళు, అన్నీను. ముక్కులు మూసుకోకండర్రా, మీ నీళ్ళూ ఎక్కడికో పోతున్నాయిగా! అందుకని ఊళ్ళో ఎవరికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నా, పక్కింటికి తెలిసేలోపే దెయ్యానికి కడుపునొప్పి వచ్చేది.

మరి రోగం దాచటమెందుకంటారా? రాజుగారి ఆజ్ఞ అలాంటిది. జబ్బు చేసిన ఇంటిల్లిపాదినీ ఏరు దాటించి, అవతల పాకల్లో పడేసేవాళ్ళు. అందుకని అందరూ దాచేవాళ్ళు. దాచి దాచి ఊరంతా అంటించుకునేవాళ్ళు.

ఆ ఊళ్ళో నాంచారి అని ఒక కొత్తకోడలు. అందరూ లోపలికి పరుగెత్తితే, ఈ పిల్ల మటుకు, రోగం ఎక్కడుందో కనుక్కుని మందో మాకో చూద్దామని చెంగు బిగించి తూము వైపు బయల్దేరింది. వాళ్ళత్త పేరిందేవి గుమ్మం పట్టుకుని నిలబడి, దెయ్యాలతో కబుర్లేంటే, మీ పుట్టింట్లో ఇదే నేర్పారా అని దెప్పింది. నాంచారి నవ్వుకుంటూ నడిచిపోయింది.

కేక విని రాజుగారూ భటులతో దిగాడు, ఆ ఇల్లేదో చూపించమని. నాంచారి దెయ్యాన్ని వెంటబెట్టుకుని నీళ్ళకి ఎదురు నడిచింది. పెద్దవీధి నీళ్ళు తాగి, బాగానే ఉన్నాయంది దెయ్యం. చింతలవీధి నీళ్ళు తాగి, బాగానే ఉన్నాయంది. బావివీధి నీళ్ళు తాగి, ఓయమ్మో అంది. సరే, బావివీధిలో సందులు. మొదటి సందు, బాగానే ఉన్నాయి. రెండో సందు, బాగానే ఉన్నాయి. మూడో సందు, ఓయమ్మో!

నాంచారి కాళ్ళు ఆగిపోయాయి. అది వాళ్ళ సందే. రాత్రి అత్త అన్నం ముట్టలేదు. పొద్దున గుమ్మం పట్టుకుని కసురుతూనే వణికింది. అప్పుడర్థమైంది పిల్లకి. దెయ్యం ఇంకో అడుగు వెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది.

ఇల్లు చెప్పమన్నాడు రాజుగారు. నాంచారి అడ్డం నిలబడింది.

"సందు చెప్పాను, చాలదా రాజుగారూ? ఇల్లు చెబితే రేపటి నుంచి మళ్ళీ అందరూ దాస్తారు. సందంతా కాచిన నీళ్ళు తాగేట్టు చూడండి, ఇంటింటికీ గంజి పోయించండి, బావిలో సున్నం వేయించండి. రోగం ఎవరిదైతే ఏం?"

రాజుగారు కోపంగా భటుల వైపు తిరిగాడు. ఇంతలో దెయ్యం, దానికి మర్యాదలేం తెలుసు, గోళ్ళు చూసుకుంటూ అంది కదా, "నీ కోట కాలవా నా నోట్లోకే వస్తుందయ్యా. రేపు మీ ఇంట్లో కడుపు చెడితే ఏ ఏరు దాటిస్తావు?"

రాజుగారు భటుల్ని వెనక్కి పొమ్మన్నాడు. ఆయనకీ ముసలితల్లి ఉంది మరి. అక్కడికక్కడే పాత ఆజ్ఞ కొట్టేసి, నాంచారి చెప్పినట్టే చెయ్యమన్నాడు.

ఇంక చూడండి, ప్రతి పొయ్యి మీదా నీళ్ళే, ప్రతి పొయ్యి మీదా గంజే! నాంచారి అత్త తల ఒళ్ళో పెట్టుకుని, ఉప్పేసిన గంజి కొంచెం కొంచెంగా పట్టింది. నాకెందుకు చెప్పలేదత్తయ్యా అని అడిగింది.

"చెబితే నాతో పాటు నిన్నూ ఏరు దాటించేస్తారు కదే, పిచ్చిమొహమా."

దెయ్యం రోజూ నీళ్ళు తాగేది. ఒకనాడు ఓయమ్మో అంది. మర్నాడు అమ్మో అంది. ఆ మర్నాడు ఊరికే మూలిగింది. ఇంకోనాడు తాగి, మూతి తుడుచుకుని, నాకు ఆకలేస్తోందర్రా అంది.

అంతే, మూడో సందులో ఈ చివర నుంచి ఆ చివరకి విస్తళ్ళు వేశారు. ముద్దపప్పు, వంకాయకూర, గోంగూర. రాజుగారు తల్లిని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాడు. దెయ్యం దూరంగా నిలబడి చూస్తుంటే, నీకు వేరే బొట్టు పెట్టి పిలవాలా, వచ్చి కూర్చో అని కసిరింది పేరిందేవి. అది సిగ్గుపడుతూ వచ్చి కూర్చుంది.

అందుకే ఒంట్లో బాగోకపోతే దాచకండి, చెప్పినవాళ్ళని వెలేయకండి. కథ కంచి బండెక్కేసింది, మీరు దుప్పటి కప్పుకోండి. నాంచారేమో నీరసంగా ఉన్న అత్త చేతిలో గరిటె లాక్కుని, ఆవిణ్ణీ కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చుంది. అదిగో, అందరూ మొదటి ముద్ద కలుపుతున్నారు.