గంగమ్మ గుంజకు ఇరవై అడుగులు

గవ్వలపేట సరుగుడు తోటలో ఆశ్రమం పెట్టుకున్న పైడయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా ప్రశ్న వేస్తే చిరిగిన వల ఒకటి ఒళ్ళోకి లాక్కుని బాగుచేస్తూ కూర్చునేవారు. వల పూర్తయ్యేలోపు అడిగినవాడికే జవాబు తోచేది, లేదా అడిగిన సంగతే మరిచిపోయేవాడు. ఏదైనా మంచిదే అనేవారాయన. ఒకప్పుడు తెప్ప మీద వేటకు వెళ్ళిన మనిషి, వల బాగుచేయడం ఆయనకు జపం లాంటిది.

ఆ ఏడాది శిష్యుల్లో ఇద్దరికి పెద్ద వాదం పడింది. ఒకడు శివకోటి, పట్నంలో చదువుకుని వచ్చినవాడు. భూమి వేడెక్కిపోతోందనీ, మంచుకొండలు కరిగి సముద్రాలు పెరుగుతున్నాయనీ, గవ్వలపేటకు రోజులు దగ్గరపడ్డాయనీ చెప్పి ఊరంతటినీ బెదరగొట్టేవాడు. మరి ఏం చేద్దామంటే, ఇంకేం చేస్తాం, అయిపోయిందిగా అనేవాడు. రెండోవాడు ఎల్లాజీ. ఇతగాడు శివకోటి మాట ఒక్కటీ ఒప్పుకునేవాడు కాదు.

ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది. తల్లీ తండ్రీ లేని ఎల్లాజీని పెంచింది మామ్మ గరగమ్మ. ఊళ్ళో సముద్రానికి అందరికన్నా దగ్గరున్న ఇల్లు ఆమెదే. తోట వెనక మెట్ట మీద స్థలమిస్తాం, తుఫాన్లు వచ్చేలోపు వెళ్ళిపొమ్మని అధికారులు రెండుసార్లు వచ్చి చెప్పారు. "నా పెనిమిటి నిలబెట్టిన గడప. దాటి రాను" అని ఆమె రెండుసార్లూ మజ్జిగిచ్చి పంపేసింది. శివకోటి మాట నిజమైతే మామ్మ చేత ఆ గడప దాటించాలి. ఆ పని తనవల్ల కాదు గనుక శివకోటి మాటే అబద్ధమని ఎల్లాజీ తేల్చేసుకున్నాడు. పాపం, అందులో వాడి తప్పేం లేదు. మనందరం చేసే పనే అది.

పైగా వాడి చేతిలో గట్టి సాక్ష్యం ఉంది. ఏటా వేట నిషేధం తీరి తెప్పలు మళ్ళీ నీళ్ళలోకి దిగే రోజున ఆ ఊళ్ళో గంగమ్మ గుంజ నాటుతారు. పోటు వచ్చినంతవరకూ వచ్చి ఆగాక, పెద్దింటి కోడలు తడి ఇసుక అంచున నిలబడి ఊరివైపు ఇరవై అడుగులు వేస్తుంది. ఇరవయ్యో అడుగున గుంజ. యాభై రెండేళ్ళుగా ఆ అడుగులు వేస్తున్నది గరగమ్మే.

ఆ ఏడాది గుంజ నాటిన సాయంత్రం ఎల్లాజీ, శివకోటి తోసుకుంటూ ఆశ్రమానికి వచ్చారు.

"గురువుగారూ, మా నాన్న పుట్టకముందు ఇరవై అడుగులు, ఇవాళా ఇరవై అడుగులే" అన్నాడు ఎల్లాజీ. "సముద్రం జానెడైనా జరిగిందా? ఇంతకీ మా ఇద్దరిలో ఎవరి మాట నిజం? ప్రమాదం ఉన్నట్టా, లేనట్టా?"

గురువుగారు అలవాటుగా వల అందుకున్నారు. ఏమనుకున్నారో, మళ్ళీ పక్కన పెట్టేశారు. "పదండి. గరగమ్మక్క పులుసు పెట్టినట్టుంది, వాసన ఇక్కడిదాకా వస్తోంది" అంటూ లేచారు.

గరగమ్మ పీట వేసింది, గిన్నెలో పులుసు పోసింది. గురువుగారు ఒక గుక్క తాగి, "అక్కా, కొత్త కోడలిగా మొదటిసారి గుంజ నాటిన రోజు ఇంటికెలా వచ్చావో గుర్తుందా?" అని అడిగారు.

"ఓలమ్మ! అదేటి అడుగుతావు తమ్ముడూ" అని ఆమె ముఖమంతా నవ్వింది. "మండుటెండ. కాళ్ళు కాలిపోయి నూకమ్మ పాకలో ఆగితే మంచినీళ్ళిచ్చింది. అక్కణ్ణుంచి పుల్లయ్య ఇల్లు. అది దాటితే తాటితోపు. తోపులో మీ బావ నాకోసం ముంజెలు పట్టుకుని దాక్కున్నాడు, సిగ్గులేని మనిషి! నానేమో..."

అక్కడ ఆగిపోయింది. గుమ్మంలోంచి బయటికి చూస్తోంది. ఎదురుగా గుంజ, దాని వెనకాల నీళ్ళు.

నూకమ్మ పాక ఒక తుఫానుకు పోయింది. పుల్లయ్య ఇల్లు ఇంకో తుఫానుకు. తాటితోపు ఏడేళ్ళపాటు ఒక్కో చెట్టూ పడుతూ పోయింది. పోయినప్పుడల్లా ఊరు ఏడ్చింది, ఆ తుఫానునే తిట్టుకుంది. అవన్నీ గుంజకీ ఈ గడపకీ మధ్యన ఉండేవని మాత్రం ఎవరూ కలిపి చూసుకోలేదు.

"నీళ్ళ నుంచి గుంజకు ఇరవై, సరే నాయనా" అన్నారు గురువుగారు ఎల్లాజీతో. "గుంజ నుంచి మీ ఇంటికెన్ని?"

ఎల్లాజీ వెళ్ళి కొలిచాడు. పద్నాలుగు. నమ్మలేక, అడుగులు కాస్త చిన్నవి చేసుకుని మళ్ళీ కొలిచాడు. పదిహేను. గడప దగ్గరే నిలబడిపోయాడు.

"నా కాళ్ళేరా అయ్యా" అంది గరగమ్మ మెల్లగా. "ఏడాదికింత చొప్పున గుంజను నానే ఇంటిమీదికి తోలుకొచ్చాను."

"నేను చెప్పలేదూ!" అని శివకోటి అందుకున్నాడు. "మెట్ట మీదికి పోయినా ఎన్నాళ్ళు? అక్కడికి మాత్రం సముద్రం రాదా? ఇంకేం చేసినా..."

"ఆ మంచం కాళ్ళవైపు పట్టుకో బాబూ" అన్నారు గురువుగారు. "తలవైపు నేను పడతాను."

శివకోటి వంగి పట్టుకున్నాడు. ఎల్లాజీ మాత్రం కదల్లేదు. మామ్మ ముఖంలోకి చూడటానికి వాడికి భయంగా ఉంది. గరగమ్మే వచ్చి వాడి తల నిమిరింది.

"ఏటిరా ఆ ఏడుపు ముఖం? గడప దాటి రానన్నాను గానీ, గడపను తేనన్నానేటి? పలుగు పట్టుకురా, పో."

ఎల్లాజీ ఏడుస్తూనే నవ్వాడు. దీపాలు పెట్టే వేళకు మంచం, రోలు, ఊడదీసిన టేకు గడప అన్నీ మెట్ట ఎక్కాయి. గడపను నేలమీద పరిచి, గరగమ్మ దానికి పసుపు రాసి, దాటి, అవతలివైపు హాయిగా చతికిలబడింది.

రోలు దించి నడుం పట్టుకున్న గురువుగారి పక్కన ఎల్లాజీ కూర్చున్నాడు. అంత జరిగినా వాడి ప్రశ్న వాడికి తీరలేదు. "గురువుగారూ, ఇంతకీ ప్రమాదం ఎంతంటారు?"

ఆయన చెమట తుడుచుకుని, దిగువన ఊళ్ళో మిణుకుమంటున్న దీపాలవైపు చూశారు.

"ఇప్పుడు గుంజకు దగ్గరిల్లు ఎవరిది నాయనా?"