తాటిచెట్టుకు ఏకాదశి

ఒకానొక రాజ్యంలో మనుషుల కంటే తాటిచెట్లు ఎక్కువ, తాటిచెట్ల కంటే రాజుగారి బిరుదులు ఎక్కువ. ఆ రాజ్యం పేరు తాళ్లదుర్గం. రాజు పేరు ప్రచండదేవుడు.

ఒక ఏడు జాతర ఊరేగింపులో, తాగి తూలుతున్న ఒకడు ఎలా ఎక్కాడో గాని పట్టపుటేనుగు మీద రాజుగారి వెనకాల వీపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. రాజుగారు ముందువైపు దండాలు అందుకుంటూ ఉంటే వాడు వెనకవైపు అందుకున్నాడు. జనం వాడికే ఎక్కువ పెట్టారు.

రాజుగారికి తల కొట్టేసినట్టయింది. రాజగురువు నరహరి సోమయాజి ఇదే సందని ఒక శాసనం రాయించాడు. పుణ్యదినాల్లో కల్లు దుకాణం తెరవకూడదు, చెట్టెక్కి కల్లు గీయకూడదు, దించకూడదు. చుక్క నాలుకకు తగిలినా సరే, గాడిద మీద ఊరేగింపు.

పుణ్యదినాలంటే మొదట ఏకాదశులే. తర్వాత పున్నమి, అమావాస్య చేరాయి. ఆపైన శనివారాలు, సోమవారాలు, రాజుగారి జన్మనక్షత్రం, రాణిగారి పుట్టింటి ఇలవేల్పు పండుగ. పని తెలియనివాడు పనికి సెలవు ప్రకటించడం ఎంత తేలికో చూడండి.

బుగ్గయ్య కల్లు గీసి బతికేవాడు. తాటిగెల కొసను పొద్దునా సాయంత్రం కత్తితో పల్చగా చెక్కాలి. ఒక్కరోజు తప్పినా కొస ఎండడం మొదలవుతుంది, మాటిమాటికీ తప్పితే ఆ ఏటికి ఆ గెల చచ్చినట్టే. అప్పటికే అతని చెట్లలో సగం ఎండాయి. మిగిలిన సగమైనా దక్కించుకుందామని ఏకాదశి తెల్లవారుతూనే గెలలు చెక్కి, కల్లు నిండిన లొట్టి కుండలు దించడానికి బయల్దేరాడు. మొదటి చెట్టు మొదట్లోనే భటులు పట్టుకుని, చెట్టెక్కే మోకుతో సహా కొలువుకు లాక్కొచ్చారు.

మోకును తగలబెట్టాలని, బుగ్గయ్య ఇక జన్మలో చెట్టెక్కకూడదని సోమయాజి తీర్పు చదివాడు.

బుగ్గయ్య మోకు వంక చూసి, రాజు వంక చూశాడు. "పండుగని నాకు తెలుసు దొరా. చెట్టుకెట్ల తెలుస్తది? అది కారుతనే ఉంటది. మోకు కాలబెడితే నా పిల్లలు ఏం తినాలె?"

సోమయాజి కసురుకున్నాడు. అప్పుడు విదూషకుడు కేసన లేచి, బుగ్గయ్య మాటలో ఒక ఘోరమైన రాజద్రోహం బయటపడిందన్నాడు. రాజాజ్ఞ ఉండగా చెట్టు కారిందంటే అసలు నేరస్థురాలు చెట్టేనట. అయితే దానికి ఎవరూ శాసనం వినిపించలేదు, కనుక తప్పు దండోరా వాళ్లదట.

రాజుగారు మీసం దువ్వారు. "నా ఆజ్ఞను చెట్టు మీరుతుందా?"

"తమరు స్వయంగా చెబితే మీరదు ప్రభూ. కింది ఉద్యోగులు చెబితే ఎవరు వింటారు?"

ఆ మాట రాజుగారికి చాలా నచ్చింది. పల్లకీ, ఛత్రం, బాకాలు, బుగ్గయ్య, అంతా కలిసి తాటితోపుకు తరలివెళ్లారు. ఎక్కువ కల్లు కారే చెట్టు కిందే సింహాసనం వేయించాడు కేసన. చెట్టుతో ముఖాముఖి మాట్లాడాలి గనక ఛత్రం పక్కకు తీయించాడు.

దండోరావాడు రాజుగారి బిరుదులతో మొదలుపెట్టాడు. అవి సగం కూడా కాలేదు, పొద్దున దించని లొట్టి పైన నిండి పొర్లింది. ఒక చుక్క రాజుగారి ముక్కు మీద పడింది. ఇంకో చుక్క మీసంలోంచి జారి పెదవి దాకా వచ్చింది. ఎవరి అనుమతీ అడక్కుండా రాజుగారి నాలుక బయటికొచ్చి దాన్ని లోపలికి తీసుకుపోయింది.

"ఎలా ఉంది ప్రభూ?" అన్నాడు కేసన మెల్లగా.

"తియ్యగా ఉంది," అనేశారు రాజుగారు.

బాకాలు ఆగిపోయాయి. సోమయాజి హడలిపోయి, ఇది కల్లు కాదు మంచు అని చెప్పడానికి నోరు తెరిచి పైకి చూశాడు. మూడో చుక్క సరిగ్గా ఆ నోట్లోనే పడింది.

కేసన చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, కారడం చెట్టు పని. గీయడం బుగ్గయ్య పని. చప్పరించడం నాలుక పని. ముగ్గురూ తమ పని చేసుకున్నారు. శిక్ష తప్పదంటే గాడిదలు తెప్పిస్తాను. మర్యాద ప్రకారం తమరి గాడిద ముందు నడుస్తుంది, వెనక రాజగురువుగారిది. బుగ్గయ్య తాగలేదు గనక నడిచొస్తాడు."

రాజుగారు ముందు సోమయాజి గడ్డం వంక చూశారు. దాని నుంచి కల్లు బొట్లుబొట్లుగా కారుతోంది. పెదవి బిగబట్టారు, కడుపు బిగబట్టారు, ఇక లాభంలేక సింహాసనం ఊగిపోయేలా నవ్వారు. ఛత్రం పట్టినవాడు నవ్వాడు, బాకావాడు బాకాలోనే నవ్వాడు.

తాగి అల్లరి చేస్తే చేసినవాడికే శిక్ష. పండుగనాడు దుకాణం తెరవాలో మూయాలో దుకాణదారుడి ఇష్టం, తాగాలో మానాలో తాగేవాడి ఇష్టం, అని అక్కడే కొత్త ఆజ్ఞ ఇచ్చారు. తన చేతి కడియం తీసి కేసనకు తొడిగారు. మోకు చేతికి రావడమే ఆలస్యం, బుగ్గయ్య ఎండిపోబోయే గెలల కోసం చెట్టెక్కేశాడు.

నాలుగు రోజుల తర్వాత బుగ్గయ్య తెల్లారగట్లే కోటకు ఒక లొట్టి తెచ్చాడు. రాజుగారు దాన్ని ఎత్తబోతూ అనుమానంగా ఆగారు. "కేసనా, ఇవాళ తిథి ఏమిటి?"

"ముందు తాగండి ప్రభూ. లొట్టి ఖాళీ అయ్యాక పంచాంగం చూద్దాం."