సన్యాసమ్మ జోలపాట

“ఈ పాట టేపులో పట్టుకెళ్తున్నాను పిన్నీ. ఉగాదికల్లా తెచ్చి మీ అరుగు మీదే వినిపిస్తాను.”

అనగనగా నాగావళి ఒడ్డున ఒక ఊళ్ళో, వేదాద్రి అనే చదువుకున్న బాబు సన్యాసమ్మకి ఇలా మాటిచ్చాడు బంగారూ. పల్లెపాటల మీద పరిశోధన ఆయన పని. ఉగాది వచ్చింది, వెళ్ళింది. బాబు మాత్రం రాలేదు.

సన్యాసమ్మ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. ఖాళీ ఉయ్యాల ఊపకూడదంటారు చూడు, అలాగే ఒళ్ళో బిడ్డ లేకుండా జోల పాడకూడదు. కూతురికైనా నెల తప్పాకే నేర్పాలి. అందుకే బాబు అడిగినప్పుడు ఎదురింటి చంటిదాన్ని తెచ్చి ఒళ్ళో పడుకోబెట్టుకుని మరీ పాడింది. కూతురు నూకరత్నం అప్పుడు అత్తారింట్లో ఉంది.

ఆ తర్వాత చలికాలంలో సన్యాసమ్మ కన్నుమూసింది. ఆ తర్వాతే నూకరత్నానికి నెల తప్పింది. జోల ఎవరినడిగినా తలా ఒక ముక్కే గుర్తుంది.

అప్పుడు నూకరత్నం బాబు పనిచేసే పట్నం వెళ్ళింది. మొదటిసారి, ఆయన సభకి వెళ్ళారన్నారు. రెండోసారి, పాట ఉన్న టేపు బీరువాలో ఉంది, పెద్దల అనుమతి కావాలన్నారు. దున్నేవాడిదే భూమి అంటారు కదా, మరి పాడినవాళ్ళది కాదూ పాట?

మూడోసారి నిండు కడుపుతో వెళ్తే బాబే కనిపించాడు. కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, తను రాసిన లావుపాటి పుస్తకం చేతిలో పెట్టాడు. జోల అందులో అచ్చయిందట.

నూకరత్నం ఆ పేజీని కాసేపు నిమిరింది.

“మాటలున్నాయి. మా అమ్మ గొంతేది బాబూ? నా బిడ్డకి చదువు రాదు కదా.”

బాబుకి నవ్వొచ్చింది, వచ్చినట్టే ఆగిపోయింది. టేపు వెతికిస్తానన్నాడు.

“మా ఊళ్ళో పక్కింటి గిన్నెని ఖాళీగా కూడా తిరిగివ్వం. మీరు గిన్నే ఇవ్వలేదు” అనేసి ఆమె వచ్చేసింది.

ఆ తర్వాత ఆడపిల్ల పుట్టింది. అచ్చం అమ్మమ్మ నుదురే. పాట రాని నూకరత్నం బిడ్డ వీపు మీద చెయ్యేసి, తడుతూ కూర్చునేది. ఉయ్యాలలో వేసే రోజు మాఘ పౌర్ణమికి పెట్టుకున్నారు. అప్పుడు ఊరి ఆడవాళ్ళందరూ కలిసి బాబుకి ఇలా కబురు పంపారు:

కథ కంచికి పోనంది,
మా గడపలోనే కూర్చుంది.
బీరువాలో గొంతు ఇంటికి రావాలి,
మాఘ పౌర్ణమికి జవాబు కావాలి.