గోడ మీది గులాబీ కుండీ

పడుకో తల్లీ, చెబుతాను. అయితే ముందే ఒక మాట. ఈ కథ నాకు ఎంతవరకు సరిగ్గా గుర్తుందో నాకే అనుమానం. ఆ కుండీ మట్టిదా, సిమెంటుదా అని నిన్నటినుంచి ఆలోచిస్తున్నాను. ఒకసారి ఎర్రగా కనిపిస్తుంది, ఒకసారి బూడిదరంగులో కనిపిస్తుంది. గోడ మాత్రం బాగా గుర్తుంది.

అనగనగా ఒక ఊళ్ళో, ఒక ఇంటి వెనక, పెద్ద పెరడు ఉండేది. ఆ పెరట్లో ఇద్దరు తోడికోడళ్ళు కలిసి బట్టలు ఆరేసుకునేవారు, ఒకరి జడ ఒకరు వేసుకునేవారు. పెద్దామె మాణిక్యాంబ, చిన్నామె శేషారత్నం. అప్పుడు వాళ్ళ మధ్య ఏదో మాట వచ్చింది. ఆ మాట పెరిగి పెరిగి, పెరడు మధ్యన మనిషెత్తు గోడ లేచింది. దక్షిణపు సగం పెద్దామెకు, ఉత్తరపు సగం చిన్నామెకు. నేలను సమానంగానే పంచారు. ఎండను పంచాలని ఎవరికీ తోచలేదు. గోడ నీడంతా శేషారత్నం వైపే పడింది.

ఆ తర్వాత శేషారత్నం పుట్టింటిని అమ్మేశారు. తల్లి అప్పటికే లేదు. కొన్నవాళ్ళు చెట్లు కొట్టిస్తున్నారని విని ఆమె పరుగున వెళ్ళింది. అక్కడ రెండు గులాబీ మొక్కలు ఉండేవి. ఒకటి తల్లి పెంచిన నాటు గులాబీ, వాసన వీధిలోకి వచ్చేది. ఆ పువ్వులే తల్లి కూతురికి అత్తవారింటికి పంపుతుండేది. రెండోది ఎవరో తెచ్చి పెట్టింది, చూడ్డానికి అచ్చం అలాగే ఉండేది, వాసనే వేరు. ఆమె వెళ్ళేసరికి రెండూ నరికివేసి ఉన్నాయి, ఒకదానిలో ఒకటి చిక్కుపడి. చేతికందిన కొమ్మ తెచ్చుకుంది. అది తల్లిదో కాదో పువ్వు పూస్తే గానీ తెలియదు.

కొమ్మ కుండీలో చిగురు వేసింది. అప్పటినుంచి ఆమెకు కాలు నిలవలేదు.

మొదట కుండీని వంటింటి మెట్టు మీద పెట్టింది. అక్కడ ఎండ పొద్దున్నే వచ్చి, పాలు పొంగేలోగా పోయేది. అప్పుడు బట్టలుతికే బండ పక్కకు మార్చింది. అక్కడ మట్టి ఆరేదే కాదు. ఆకులు పసుపుబారి, నల్లమచ్చలు వేసి రాలాయి. అప్పుడు ఎండ తునక ఎక్కడ పడితే అక్కడికి కుండీని మోయడం మొదలుపెట్టింది. అన్నం తింటూ లేచేది. స్నానానికి వెళ్తూ వెనక్కి వచ్చేది.

"మొక్కను పెంచుతున్నావా, చంటిపిల్లను ఎత్తుకు తిరుగుతున్నావా?" అన్నాడు భర్త.

మొక్కకు కుదురు లేదు, ఆమెకూ లేదు. వేసిన మొగ్గ విచ్చకుండానే రాలిపోయింది.

ఆ తర్వాత ఒకనాడు ఆమె తలెత్తి చూసింది. తనకు అందేంతలో రోజంతా ఎండ ఉన్న చోటు ఒక్కటే, గోడ పైభాగం. స్టూలు ఎక్కి కుండీని అక్కడ పెట్టింది.

కొత్త చిగుళ్ళు వచ్చాయి. మొగ్గ వచ్చింది. అది ఎండ కోసం అవతలి వైపు వంగింది. మరునాడు చూస్తే మొగ్గ ఇవతలికి, నీడవైపుకి తిరిగి ఉంది! ఆమె మళ్ళీ అటు తిప్పింది. ఆ మరునాడూ అంతే. మూడోనాడు ఇక ఉండబట్టలేకపోయింది. ఇద్దరికీ మాటల్లేవు కదా, అందుకని గోడతో అంది.

"గోడా, వింటున్నావా? కొందరి చేతులు ఊరికే ఉండలేవట. మొగ్గను నీడలోకి తిప్పి ఏం బావుకుంటారో కనుక్కో."

అవతల చేటతో చెరిగే చప్పుడు ఆగింది.

"గోడా, ఆ మహాతల్లికి చెప్పు. రోజూ కాస్త తిప్పకపోతే మొక్క ఒకవైపే ఒరిగి, కుండీతో సహా నా నెత్తిన పడుతుంది. నా నెత్తి గట్టిదే. పగిలేది కుండీయే."

శేషారత్నం ఆనాడు కుండీని వెనక్కి తిప్పలేదు.

కొన్నాళ్ళకు పువ్వు విచ్చింది. ఆమె స్టూలు ఎక్కి వాసన చూసింది. అదే అనిపించింది. మళ్ళీ చూసింది, కాదేమో అనిపించింది. మూడోసారి చూస్తే ఏమీ తెలియలేదు. అమ్మ గులాబీ వాసన ఎలా ఉండేదో తనకు గుర్తే లేదు! ఆ పువ్వులు ఎరిగిన మనిషి ఇంకొక్కరే ఉన్నారు.

అప్పుడు ఆమె గోడతో అనలేదు.

"అక్కా," అంది. "ఇది మా అమ్మదేనా?"

అవతల కుర్చీ ఈడ్చిన చప్పుడు. మాణిక్యాంబ పైకెక్కి, పువ్వు మీదికి వంగి, కళ్ళు మూసుకుంది.

"అదే," అంది.

"మరి నాకెందుకు గుర్తులేదక్కా?"

"నీకెలా తెలుస్తుందే? పువ్వు నీ జడలో ఉండేది. వెనక కూర్చుని జడ వేసింది నేను. దా, అటు తిరుగు."

శేషారత్నం స్టూలు మీదే అటు తిరిగింది. మాణిక్యాంబ గోడ మీదుగా చేయి చాచి ఆ పువ్వును ఆమె జడలో పెట్టింది.

ఏమిటీ, గోడ ఏమయిందంటావా? అలాగే ఉంది. లేకపోతే కుండీ ఎక్కడ పెట్టుకుంటారు?

ఆ "ఏదో మాట" ఏమిటని మాత్రం నువ్వు అడగలేదు. నేను మరిచిపోయి వదిలేసింది కాదు తల్లీ, కావాలనే వదిలేశాను. అది చెబితే నువ్వు ఎవరో ఒకరి పక్షం చేరతావు. ఇంత జాగ్రత్తగా తిప్పుతూ వచ్చిన కుండీ మళ్ళీ ఒకవైపే ఒరుగుతుంది.

చెప్పిన కథ కంచికి,
చెప్పని మాట ఇంటికి.